చెదరని నిల్వ – డిస్కుల కూటమి

పాఠ్యభాగ ఉద్దేశం

కంప్యూటర్లలో భద్రపరచిన సమాచారం, ఆ యంత్రంలోని ఒక భాగం చెడిపోయినప్పటికీ నశించకుండా ఎలా నిలుస్తుందో వివరించడం, ఆ రక్షణకు గల పరిమితులను తెలియజేయడం, యంత్రంతో పాటు మనిషికి కూడా జాగరూకత అవసరమని విద్యార్థులకు బోధపరచడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మానవుడు తాను తెలుసుకొన్న విషయాన్ని తరువాతి తరాలకు అందించాలనే తపనతో శిలలపై చెక్కాడు, రాగిరేకులపై మలిచాడు, తాటాకులపై గంటంతో రాశాడు. వీటిలో తాటాకు మిక్కిలి సుకుమారమైనది. చెదలు దానిని తింటాయి, తేమ శిథిలం చేస్తుంది, నిప్పు బూడిద చేస్తుంది. అయినా మన ప్రాచీన కావ్యాలు ఎన్నో నేటికీ నిలిచి ఉండడానికి కారణం తాటాకు గట్టిదనం కాదు. ఒకే కావ్యానికి వేరువేరు ఊళ్లలో వేరువేరు ప్రతులు ఉండడం. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ ఒక్కొక్క గ్రంథానికి పలు ప్రతులను సేకరించి, పండితులచేత వాటిని పోల్చి చూపించి, శుద్ధప్రతులను సిద్ధం చేయించాడు. ఒక ప్రతిలో జారిపోయిన పద్యం మరొక ప్రతిలో దొరికేది.

నేడు ఆ తాటాకు స్థానాన్ని డిస్కు ఆక్రమించింది. విద్యార్థి మార్కుల జాబితా, రైతు భూమి వివరాలు, రోగి వైద్యపరీక్షల ఫలితాలు, బ్యాంకు ఖాతాలోని నిల్వ, ఇవన్నీ ఎక్కడో ఒక గదిలో వరుసగా అమర్చిన డిస్కులలో ఉంటున్నాయి. ఆ డిస్కులు కూడా తాటాకుల వలెనే నశ్వరమైనవి. ఏదో ఒకనాడు ప్రతి డిస్కూ చెడిపోవలసిందే. మరి నశించే వస్తువులను ఉపయోగించి నశించని నిల్వను నిర్మించడం సాధ్యమా? ఈ ప్రశ్నకు సమాధానంగా పుట్టినదే డిస్కుల కూటమి.

డిస్కు స్వరూపం

హార్డ్ డిస్కును తొలిసారిగా 1956లో అమెరికాకు చెందిన ఐబీఎం సంస్థ మార్కెట్లోకి తెచ్చింది. 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్లేలను ఒకే ఇరుసుపై అమర్చిన ఆ భారీ యంత్రం దాదాపు 50 లక్షల అక్షరాలను మాత్రమే దాచగలిగేది. ఈనాడు అరచేతిలో ఇమిడే డిస్కు దానికి లక్షల రెట్లు దాచగలదు. పరిమాణం ఎంత మారినా హార్డ్ డిస్కు పనిచేసే తీరు మాత్రం మారలేదు. అయస్కాంత పూత పూసిన పళ్లెం గిరగిర తిరుగుతూ ఉంటుంది. సాధారణమైన డిస్కులో ఆ పళ్లెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది. దానిని తాకకుండా, తలవెంట్రుక మందంకంటె ఎన్నో రెట్లు తక్కువైన ఎడంలో ఒక చిన్న మొన తేలుతూ, అయస్కాంత గుర్తులను చదువుతుంది, రాస్తుంది. ఆ మొన పళ్లేన్ని తాకితే గీత పడుతుంది. ఆ గీత కింద ఉన్న సమాచారం పోతుంది. మోటారు ఆగిపోయినా, విద్యుత్ పలక కాలిపోయినా డిస్కు మూగబోతుంది.

తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ అనే నవీన సాధనాలు కూడా ఇప్పుడు విస్తారంగా వాడుకలో ఉన్నాయి. వాటిలో తిరిగేది ఏదీ లేకపోయినా, రాసిన కొద్దీ వాటి కణాలు అరిగిపోతాయి. కాబట్టి చెడిపోవడం అనేది ఏ సాధనానికీ తప్పదు.

కూటమి ఆలోచన

1980ల నాటికి పెద్ద సంస్థల కంప్యూటర్లకు అత్యంత ఖరీదైన భారీ డిస్కులను వాడేవారు. అదే కాలంలో వ్యక్తిగత కంప్యూటర్ల కోసం చిన్న డిస్కులు చౌకగా లభించసాగాయి. గడ్డిపరకలను పేనితే ఏనుగును కట్టే మోకు అవుతుందంటారు పెద్దలు. అటువంటి ఆలోచననే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కట్జ్ అనే ముగ్గురు పరిశోధకులు 1988లో ప్రచురించిన పత్రంలో ప్రతిపాదించారు. ఐబీఎం 3380 అనే పెద్ద డిస్కు 7,500 మెగాబైట్లు దాచగలిగితే, వారు పరిశీలించిన చిన్న డిస్కు 100 మెగాబైట్లు దాచగలదు. 75 చిన్న డిస్కులను కలిపితే పెద్దదానితో సమానమైన చోటు లభిస్తుంది. పైగా అన్ని డిస్కులూ ఒకేసారి పనిచేయగలవు కాబట్టి వేగమూ హెచ్చుతుంది.

అయితే ఇక్కడే ఒక చిక్కు ఉన్నది. ఒక డిస్కు సగటున 30,000 గంటలు పనిచేస్తుందని అనుకొందాం. అంటే మూడేళ్లకు పైమాటే. అటువంటి డిస్కులను 100 కలిపితే, వాటిలో ఏదో ఒకటి చెడిపోవడానికి సగటున పట్టే కాలం 30,000ను 100చేత భాగించగా వచ్చే 300 గంటలు మాత్రమే. అది రెండు వారాలకు కూడా చాలదు. 1,000 డిస్కులైతే 30 గంటలే! వంద మంది మోసే పల్లకిలో ఏ ఒక్కరు తూలినా పల్లకి పడిపోతుందంటే, ఎందరు మోస్తే అంత ప్రమాదం అన్నమాట. కాబట్టి ఒకరు తూలినా మిగిలినవారు నిలబెట్టగలిగే ఏర్పాటు లేనిదే కూటమి వలన మేలుకంటె కీడే ఎక్కువ.

ఆ ఏర్పాటునే వారు 'రిడండెంట్' అన్నారు. అవసరానికి మించి కొంత అదనంగా ఉంచుకోవడం అని దాని భావం. 'రిడండెంట్ అరే ఆఫ్ ఇనెక్స్‌పెన్సివ్ డిస్క్స్', అనగా అదనపు రక్షణ గల చౌక డిస్కుల శ్రేణి, అనే పదబంధంలోని తొలి అక్షరాలతో 'రెయిడ్' అనే పేరు ఏర్పడింది. తరువాతి కాలంలో 'చౌక' అనే మాటకు బదులు 'స్వతంత్ర' అనే అర్థమిచ్చే 'ఇండిపెండెంట్' అనే పదం వాడుకలోకి వచ్చింది. చెడిపోయిన డిస్కులోని సమాచారాన్ని మిగిలిన వాటినుండి రాబట్టే ఉపాయానికి 1978లోనే ఐబీఎంకు చెందిన నార్మన్ ఔచి అమెరికాలో పేటెంటు పొందాడు. చెదురుమదురుగా ఉన్న ఇటువంటి ఉపాయాలను వర్గీకరించి, పేరు పెట్టి, లాభనష్టాలను లెక్కగట్టి చూపడం బర్క్‌లీ పత్రం సాధించిన ఘనత.

ప్రతిబింబం, మొత్తం

రక్షణకు అన్నింటికంటె సులభమైన మార్గం ప్రతిబింబ పద్ధతి. ఒక డిస్కులో ఏది రాస్తే రెండవదానిలోనూ అదే రాయాలి. దీనిని రెయిడ్ 1 అంటారు. ఒకటి చెడిపోతే రెండవది ఆదుకొంటుంది. కాని రెండు డిస్కులు కొని ఒకదాని చోటు మాత్రమే వాడుకోగలం. ఖర్చు రెట్టింపు అవుతుంది.

తక్కువ ఖర్చుతో అదే రక్షణ పొందవచ్చునా? ఒక చిన్న లెక్క చూద్దాం. ముగ్గురు విద్యార్థుల మార్కులు వరుసగా 45, 62, 38. వీటిని మూడు కాగితాలపై వేరువేరుగా రాసి, నాలుగవ కాగితంపై మొత్తం 145 అని రాశాం. రెండవ కాగితం గాలికి ఎగిరిపోయింది. 145 నుండి 45నూ 38నీ తీసివేస్తే 62 మళ్లీ వస్తుంది. ఏ కాగితానికీ నకలు తీయలేదు. అయినా పోయిన అంకె తిరిగి దొరికింది. మూడు కాగితాల రక్షణకు ఒకే ఒక అదనపు కాగితం సరిపోయింది. ఎగిరిపోయింది మొదటిదైనా, మూడవదైనా ఇదే ఫలితం. మొత్తం రాసిన కాగితమే పోతే మళ్లీ కూడుకొంటే చాలు.

కంప్యూటరు సమస్తాన్నీ 0, 1 అనే రెండే అంకెలలో రాసుకొంటుంది. అందుచేత దాని కూడిక మరింత సులభం. ఒక నిలువు వరుసలోని 1ల సంఖ్య బేసి అయితే 1 అనీ, సరిసంఖ్య అయితే 0 అనీ రాస్తుంది. ఈ అదనపు అంకెను 'ప్యారిటీ' అంటారు. ఉదాహరణకు మూడు డిస్కులలో 1011, 0110, 1100 అని ఉన్నాయనుకొందాం. మొదటి నిలువు వరుసలో 1, 0, 1 ఉన్నాయి. 1లు రెండు, సరిసంఖ్య, కనుక 0. రెండవ వరుసలో 0, 1, 1, కనుక 0. మూడవ వరుసలో 1, 1, 0, కనుక 0. నాలుగవ వరుసలో 1, 0, 0. బేసి, కనుక 1. నాలుగవ డిస్కులో 0001 అని రాస్తుంది. ఇప్పుడు రెండవ డిస్కు చెడిపోయిందనుకొందాం. మిగిలిన 1011, 1100, 0001లను అదే నియమంతో కలిపితే 0110 వస్తుంది. పోయినది అదే కదా!

ఇందులో ఒక సూక్ష్మం ఉన్నది. ఏ చిన్న మార్పు చేసినా ప్యారిటీని కూడా మార్చవలసి వస్తుంది. ప్యారిటీ అంతా ఒకే డిస్కులో ఉంటే, అందరి పనీ ఆ ఒక్కదానిపై పడి అది వెనుకబడుతుంది. అందుచేత ప్యారిటీని ఒకసారి ఒక డిస్కులో, మరొకసారి మరొక డిస్కులో వంతులవారీగా పంచుతారు. ఇదే రెయిడ్ 5. ఒక్కొక్కటి 1 టెరాబైటు గల 5 డిస్కులతో దీనిని ఏర్పరిస్తే, 4 టెరాబైట్ల చోటు వాడుకకు లభిస్తుంది. 1 టెరాబైటు రక్షణకు వినియోగమవుతుంది. రెండు వేరువేరు లెక్కలు రాసి ఉంచుకొనే రెయిడ్ 6లో ఒకేసారి రెండు డిస్కులు చెడిపోయినా సమాచారం దక్కుతుంది. సమాచారాన్ని ముక్కలుగా పంచడమే తప్ప అదనపు రక్షణ ఏమాత్రం లేని పద్ధతిని రెయిడ్ 0 అంటారు. వేగమే ప్రధానమైనచోట దానిని వాడుతారు. అందులో ఏ ఒక్క డిస్కు చెడిపోయినా నిల్వ మొత్తం నిరుపయోగమవుతుంది.

కంట్రోలర్ కర్తవ్యం

ఈ లెక్కలన్నీ ఎవరు చేస్తారు? కంప్యూటరులోని ప్రధాన ప్రాసెసరే సాఫ్ట్‌వేర్ సాయంతో చేయవచ్చు. లేదా ఆ పనికే ప్రత్యేకించిన కంట్రోలర్ అనే పరికరానికి అప్పగించవచ్చు. రెండవదానిని హార్డ్‌వేర్ రెయిడ్ అంటారు. కంట్రోలర్‌కు సొంత ప్రాసెసర్, సొంత జ్ఞాపకశక్తి ఉంటాయి. డిస్కులన్నీ దానికే కలిపి ఉంటాయి. దాని వెనుక ఎన్ని డిస్కులు ఉన్నా, కంప్యూటరుకు మాత్రం ఒకే పెద్ద డిస్కు ఉన్నట్లు తోస్తుంది. ఉమ్మడి కుటుంబంలో వ్యవహారమంతా ఇంటిపెద్ద చూసుకొన్నట్లు, ఏ ముక్క ఎక్కడ దాచాలో, ప్యారిటీ ఎక్కడ రాయాలో కంట్రోలరే చూసుకొంటుంది.

రెయిడ్ 5లో ఒక చిన్న మార్పు చేయాలంటే పాత సమాచారాన్ని చదవాలి, పాత ప్యారిటీని చదవాలి, కొత్త సమాచారాన్ని రాయాలి, కొత్త ప్యారిటీని రాయాలి. ఒక పనికి నాలుగు పనులు. సమాచారం రాసిన తరువాత, ప్యారిటీ రాయకముందే విద్యుత్తు పోతే? మార్కు దిద్ది, మొత్తం దిద్దకముందే దీపం ఆరిపోయినట్లే. ఆ తరువాత ఎప్పుడైనా ఆ మొత్తాన్ని నమ్మి లెక్క తీస్తే తప్పు సమాధానం వస్తుంది. ఈ ప్రమాదాన్ని నివారించడానికి మేలైన కంట్రోలర్లలో చిన్న బ్యాటరీ ఉంటుంది. రాయవలసినవన్నీ ముందుగా కంట్రోలర్ జ్ఞాపకంలో చేరుతాయి. విద్యుత్తు పోయినా బ్యాటరీ వాటిని కాపాడుతుంది. తిరిగి రాగానే మిగిలిన పని పూర్తవుతుంది. నేటి కంట్రోలర్లలో చాలావాటిలో విద్యుత్తు పోగానే ఆ జ్ఞాపకాన్ని ఫ్లాష్ నిల్వలోకి దించే ఏర్పాటు ఉన్నది.

యంత్రాన్ని ఆపకుండానే చెడిన డిస్కును ఊడదీసి కొత్తదానిని అమర్చే సదుపాయం ఇటువంటి కూటములలో సాధారణంగా ఉంటుంది. ముందుజాగ్రత్తగా ఒక ఖాళీ డిస్కును సిద్ధంగా ఉంచడం కూడా ఉన్నది. ఏదైనా చెడిపోగానే మనిషి రాకకోసం ఎదురుచూడకుండా, కంట్రోలర్ ఆ ఖాళీ డిస్కులో పోయిన సమాచారాన్ని తిరిగి నింపడం ప్రారంభిస్తుంది. దీనినే పునర్నిర్మాణం అంటారు.

గడువు విలువ

డిస్కు చెడిపోయిన క్షణంనుండి పునర్నిర్మాణం పూర్తయ్యేవరకు గల కాలం అత్యంత కీలకమైనది. రెయిడ్ 5కు ఆ సమయంలో ఏ అదనపు రక్షణా ఉండదు. మరొక డిస్కు చెడిపోతే నిల్వ నశిస్తుంది. 10 టెరాబైట్ల డిస్కును సెకనుకు 200 మెగాబైట్ల చొప్పున నింపితే దాదాపు 14 గంటలు పడుతుంది. అదే సమయంలో వినియోగదారుల పని కూడా సాగుతుంటే ఇంకా ఆలస్యమవుతుంది. ఆ గంటలలో మిగిలిన డిస్కులన్నింటినీ ఆసాంతం చదవవలసి ఉంటుంది. ఏళ్ల తరబడి ఎవరూ చదవని ఒక మూల అప్పటికే పాడైపోయి ఉంటే, ఆ సంగతి సరిగ్గా ఈ ఆపత్సమయంలోనే బయటపడుతుంది. అందుకే మంచి కంట్రోలర్లు తీరిక సమయంలో డిస్కులను మొదటినుండి చివరివరకు చదివి లోపాలను ముందే సరిదిద్దుతుంటాయి. పెద్ద డిస్కులకు రెయిడ్ 6ను ఎంచుకోవడానికి కారణం కూడా ఇదే.

తయారీదారులు ప్రకటించే ఆయుర్దాయాలను యథాతథంగా నమ్మరాదని 2007లో బియాంకా ష్రోడర్, గార్త్ గిబ్సన్ ప్రచురించిన అధ్యయనం వెల్లడించింది. వారు సుమారు 1,00,000 డిస్కుల వివరాలను పరిశీలించారు. ప్రకటిత లెక్కల ప్రకారం ఏడాదికి నూటికి ఒకటికంటె తక్కువ డిస్కులు చెడిపోవాలి. వాస్తవంలో నూటికి 2 నుండి 4 వరకు మార్చవలసిరావడం సాధారణమనీ, కొన్నిచోట్ల ఆ సంఖ్య 13 వరకు చేరిందనీ తేలింది. ఒక డిస్కు మార్చిన వెంటనే మరొకటి మార్చవలసివచ్చే అవకాశం కూడా ఊహించినదానికంటె ఎక్కువగా కనబడింది. కూటమిలోని డిస్కులు ఒకే గదిలో, ఒకే వేడిలో, ఒకే బరువు మోస్తూ పనిచేస్తాయని గుర్తుంచుకోవాలి.

కూటమిలోని ప్రధాన గుణమే ఒక విధంగా దాని ప్రమాదం కూడా. ఒక డిస్కు చెడినా పని ఆగదు. వినియోగదారునికి తేడా కనిపించదు. ఎర్రదీపం వెలుగుతూనే ఉంటుంది. హెచ్చరిక సందేశం చదవనివారి పెట్టెలో పడి ఉంటుంది. వారాలు గడిచి రెండవ డిస్కు కూడా ఆగిన రోజున 'రెయిడ్ ఉన్నది కదా' అని ఆశ్చర్యపోవడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. కూటమి మనకు ఇచ్చేది గడువు. ఆ గడువులోగా చెడినదానిని మార్చడం మనిషి బాధ్యత.

కూటమి కాపాడలేనివి

కూటమి కాపాడేది డిస్కు చెడిపోవడం నుండి మాత్రమే. పొరపాటున చెరిపిన ఫైలును అది కాపాడలేదు. చెరపమన్న ఆజ్ఞను అన్ని డిస్కులలోనూ సమానమైన విధేయతతో అమలుచేస్తుంది. వైరస్ పాడుచేసిన సమాచారాన్నీ అంతే శ్రద్ధతో దాచిపెడుతుంది. అగ్నిప్రమాదం, వరద, దొంగతనం సంభవిస్తే ఒకే పెట్టెలో ఉన్న డిస్కులన్నీ ఒక్కసారే పోతాయి. కంట్రోలర్ చెడిపోతే, ఆ డిస్కులలోని అమరికను అర్థం చేసుకోగల అదే రకపు కంట్రోలర్ దొరికేవరకు అన్నీ బాగున్నా చదవలేని స్థితి ఏర్పడవచ్చు.

1998లో అమెరికాలోని పిక్సార్ సంస్థ 'టాయ్ స్టోరీ 2' అనే యానిమేషన్ చలనచిత్రాన్ని నిర్మిస్తుండగా, ఎవరో ఇచ్చిన చెరిపే ఆజ్ఞ వలన చిత్రపు ఫైళ్లలో అధికభాగం తుడిచిపెట్టుకుపోయింది. డిస్కులు చెడలేదు, చెప్పిన పనే చేశాయి. భద్రపరచిన నకళ్లను వెతికితే అవి సరిగా పనిచేయడం లేదని అప్పుడు తెలిసింది. సాంకేతిక పర్యవేక్షకురాలు గాలిన్ సుస్మన్ పసిబిడ్డను చూసుకొంటూ ఇంటినుండి పనిచేయడం కోసం తన ఇంటి కంప్యూటరులో ఒక ప్రతిని ఉంచుకొన్నారు. ఆ ఏకైక ప్రతి ఆ శ్రమను నిలబెట్టింది. ఆ ప్రతి మరొక చోట ఉండడమూ, చెరిపే ఆజ్ఞ అక్కడికి చేరకపోవడమూ ఇక్కడ గమనార్హం.

అందుకే నిపుణులు 3-2-1 అనే నియమాన్ని పాటించమంటారు. సమాచారానికి 3 ప్రతులు ఉండాలి. అవి 2 వేరువేరు రకాల సాధనాలపై ఉండాలి. వాటిలో 1 మరొక చోట ఉండాలి. ఆ ప్రతులనుండి సమాచారం నిజంగా తిరిగి వస్తుందో లేదో అప్పుడప్పుడు పరీక్షించి చూడాలి. పరీక్షించని నకలు ఉన్నదో లేదో తెలియని ధనం వంటిది.

విద్యార్థులారా! ఒక డిస్కులోని గుర్తులు కేవలం 0లు, 1లు కావు. వాటి వెనుక ఒక విద్యార్థి ఏడాది కృషి, ఒక రైతు హక్కు, ఒక రోగి ప్రాణం ఉన్నాయనడంలో అతిశయోక్తి లేదు. చెడిపోయే డిస్కులనుండే చెదరని నిల్వను నిర్మించవచ్చునని గణితం నిరూపించింది. ఎర్రదీపాన్ని చూసి వెంటనే లేచి వెళ్లే మనిషి ఉన్నప్పుడే ఆ నిల్వ చెదరకుండా ఉంటుంది.

అర్థాలు

నశ్వరం = నశించే స్వభావం కలది
మోకు = లావుపాటి తాడు
ఇరుసు = చక్రం తిరగడానికి ఆధారమైన కడ్డీ
ఆపత్సమయం = ఆపద కలిగిన వేళ
ఆసాంతం = చివరివరకు
జాగరూకత = మెలకువ, అప్రమత్తత
విధేయత = చెప్పినట్లు నడచుకొనే గుణం

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నశించే డిస్కులతో నశించని నిల్వను ఎలా నిర్మిస్తారో వివరించండి.
2. 'కూటమి మనకు ఇచ్చేది గడువు.' ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 5 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. డిస్కుల సంఖ్య పెరిగితే ప్రమాదం ఎందుకు పెరుగుతుంది?
2. కంట్రోలర్‌లో బ్యాటరీ అవసరమేమిటి?
3. 'టాయ్ స్టోరీ 2' ఉదంతం వలన తెలుసుకొన్న విషయమేమిటి?

III. మొదటి డిస్కులో 1010, మూడవ డిస్కులో 0011, ప్యారిటీ డిస్కులో 1110 ఉన్నాయి. చెడిపోయిన రెండవ డిస్కులో ఏమి ఉండేదో కనుగొనండి.

IV. ఈ క్రింది పదాలను విడదీసి, సంధి పేరు రాయండి.
గమనార్హం, అతిశయోక్తి, అత్యంత, ఏకైక

V. మీ కళాశాల కార్యాలయంలో విద్యార్థుల వివరాలను ఎలా భద్రపరుస్తున్నారో అడిగి తెలుసుకొని, 3-2-1 నియమంతో పోల్చి ఒక పేజీ నివేదిక రాయండి.